తప్తిమ్ ఉపవాసం

నీట మీనమైన నిగమరక్షక! నీవు
చిన్ని చేపకైన చింత దీర్చి
మనసు మనసుతోడ మచ్చిక గావించు
కథకు నడక నేర్పు కరుణ జూపి.

బౌద్ధభిక్షువులు మూడు నెలలు విహారం కదలని వర్షావాసం మొదలై వారమైంది. నఖోన్ పథోమ్ ఊరి కాలువ గట్టున ఉన్న తన చేపల దొడ్డిలో వసిన్ సీసాల నడుమ అట్టముక్కలు సరిచేస్తున్నాడు. ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క ఫైటర్ చేప. అట్ట అడ్డు లేకుంటే ఆ పౌరుషవంతులు ఒకరినొకరు చూచుకొని, రోజంతా రెక్కలు విదిల్చి అలసి చస్తారు.

అంతలో జోరువానలో ఒక యువతి లోపలికి వచ్చింది. ఆమె నిలువునా తడిసింది. గొడుగు మాత్రం చేతిలోని గాజుపాత్రకు పట్టింది.

"ఏమయ్యా చేపలాయనా! రోగిష్టి చేపని అంటగడతావా నాకు?"

ఆమె రిన్‌లదా. మహాస్తూపం దగ్గరి బజారులో మల్లెదండలు గుచ్చి అమ్ముతుంది. వారం క్రితం ఇదే దొడ్డిలో గంటసేపు బేరమాడి, దానిమ్మగింజ రంగు చేపను కొనుక్కుపోయి, తమ భాషలో దానిమ్మ పేరే దానికి పెట్టుకుంది: తప్తిమ్. ఆ గంటసేపూ వసిన్ చెవులు పనిచేయలేదు, కన్నులే పనిచేశాయి. కనుకనే బేరంలో చిత్తుగా ఓడిపోయాడు.

"ముందు తల తుడుచుకోండి. చేపకి గొడుగెందుకండీ? అదెలాగూ నీళ్లలోనే ఉంది."

"చినుకులు పడితే బెదురుతాడు. నవ్వావంటే చూడు! తిండి ముట్టి వారమైంది వీడు. రాత్రిళ్లు ఇంట్లో నేను దండ గుచ్చే సూదివైపు చూస్తూ, అది ఎటు కదిలితే అటు ఈదుతాడు. మేత వేస్తే మాత్రం మొహం తిప్పుకుంటాడు."

"మీకన్నా రెండేళ్లు పెద్దవాణ్ని. 'ఫీ' అని పెద్దరికమిచ్చి పిలిస్తే మీ నోరేం అరిగిపోదు."

"ఆ మర్యాద వీడు తిన్నాక!"

వసిన్ గంభీరంగా ఒక అట్టముక్క తీశాడు. పక్కసీసాలోని నల్లచేప కనబడగానే తప్తిమ్ మొప్పలు విప్పి, తోకను విసనకర్రలా పరచి, యుద్ధానికి సిద్ధమయ్యాడు.

"జబ్బు చేసినవాడు ఇలా మీసం తిప్పడు. ఏం పెడుతున్నారు?"

"గుళికల మేత. ఖరీదైనదే!"

"అదీ సంగతి. వీడు పుట్టినప్పటినుంచి దోమపిల్లలు తిని పెరిగాడు. కళ్లముందు కదిలితేనే వీడికది తిండి."

నీటిలో మెలికలు తిరిగే దోమపిల్లలను ప్లాస్టిక్ సంచిలో పోసి, రబ్బరు బ్యాండు బిగించి ఇచ్చాడు. ఆమె వానలో కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడి, తీసిన అట్టముక్కను మళ్లీ పెట్టడం మరచిపోయాడు.

నాలుగవనాడు ఆమె తిరిగి వచ్చింది. ఈసారి గొంతులో కోపంకన్నా దిగులే ఎక్కువగా ఉంది.

"రోజూ పొద్దున్నే వేసి బజారుకి పోతున్నాను. వచ్చేసరికి ఒక్కటీ ఉండదు. తిన్నాడనుకుంటే ఇంకా చిక్కిపోతున్నాడు. వీడికి సంసారం మీద విరక్తి పుట్టిందనీ, అమావాస్య పర్వదినానికి కాలువలో వదిలి పుణ్యం కట్టుకుందామనీ అమ్మమ్మ అంటోంది."

వసిన్ చేతిలోని అట్టముక్కలు కింద పెట్టేశాడు. గుడ్డునాటినుండి తన చేతులమీద పెరిగిన ప్రాణి అది.

"ఆ కాలువనిండా కొర్రమీనులండీ! పట్టుకుచ్చులాంటి తోకేసుకుని వీడెక్కడ పారిపోగలడు? ఒక్క గుటక!"

"నాకు తెలీదా? అమ్మమ్మ మాట నేనెప్పుడూ కాదనలేదు. ఆలోగా తింటే ఉంటాడు. తినకపోతే పోతాడు." ఆమె ముఖం తిప్పుకుంది. "వాడు పోయాక ఈ దొడ్డి మొహం చూడను. చూస్తే వాడే గుర్తొస్తాడు."

అమావాస్యకు మూడే రోజులున్నాయి. మరునాటి ఉదయం వసిన్ మరొక సంచితో ఆమె ఇంటికి వెళ్లాడు. రిన్‌లదా అప్పటికే పాత్రలో మేత వేసి బజారుకు వెళ్లిపోయింది. వాకిట్లో కాలు పెట్టగానే దోమలు అతనికి ఘనస్వాగతం పలికాయి. లోపల ఆమె అమ్మమ్మ సాయ్‌బువా, వర్షావాసానికి ఎనిమిది నియమాల అష్టశీలం పట్టి, తెల్లబట్టలతో, టీ వడపోసే జల్లెడతో తప్తిమ్ పాత్రలోని దోమపిల్లలను ఒక్కటొక్కటిగా పైకి తీసి తామరతొట్టిలో వదులుతున్నది.

"పోండి నాయనా, పదికాలాలు చల్లగా బతకండి."

వసిన్ తన మెడమీద ఫెడీమని చరుచుకున్నాడు.

"కొట్టకు! ప్రాణం!" అని ఉలిక్కిపడి తిరిగింది ముసలామె.

"యాయ్!" అన్నాడు వసిన్, ఆ ఊరు అమ్మమ్మలందరినీ పిలిచే పిలుపుతో. "అది వాడి అన్నం!"

"వర్షావాసంలో నా ఇంట్లో, నా కళ్లముందు హత్యలా?"

"మరి వాడు చస్తే?"

"వాడు ఉపవాసం పట్టాడనుకున్నాను."

"ఉపవాసం కాదు యాయ్, మీరు వాడి ముందు కంచం లాగేశారు."

సాయ్‌బువా చేతిలోని జల్లెడ ఆగిపోయింది. పాత్రవైపు చూసింది. తప్తిమ్ ఆమెవైపు చూశాడు. ఆమె మెల్లగా పీటమీద కూలబడింది.

"రిన్‌కి చెప్పకురా. నా మీద అలిగిందంటే మూడురోజులు మాట్లాడదు."

"అడిగితే ఏం చెప్పను?"

"నేను శీలంలో ఉన్నాను, అబద్ధమాడకూడదు. నువ్వాడు!"

జల్లెడ దాచమంటే దాచింది గానీ, ఈ ఇంటికి ఇంకెన్నడూ దోమపిల్లలు తేనని వసిన్ చేత మాట తీసుకుంది. రెండు రోజులు వసిన్ ఆ ఇంటికీ దొడ్డికీ తిరిగాడు. గుడ్డుసొన తెచ్చాడు, వేరే గుళికలు తెచ్చాడు. తప్తిమ్ దేనినీ కన్నెత్తి చూడలేదు.

అమావాస్య వచ్చింది. అమ్మమ్మా మనుమరాలూ విహారానికి వెళ్లి, ఆమె అష్టశీలాన్నీ, ఈమె పంచశీలాన్నీ స్వీకరించి వచ్చేసరికి వసిన్ వాకిట్లో కూర్చొని ఉన్నాడు. కాలువకు తీసుకుపోవలసిన పాత్ర గడపమీద ఉంది. రిన్‌లదా కన్నులు ఎఱ్ఱబడ్డాయి. మధ్యాహ్నం దాటితే ముద్ద ముట్టదు గనుక సాయ్‌బువా రోటిలో పచ్చిబొప్పాయి దంచనారంభించింది. రోటి పక్కన ఎండురొయ్యల గిన్నె కనబడగానే వసిన్ లేచాడు.

"యాయ్, వీటిని మీరు చంపారా?"

"ఎంత మాట! బజారులో కొన్నాను. ఎప్పుడో పోయినవి."

"అయితే ఒకటి దానం చేయండి."

రొయ్యను నానబెట్టి, ఉప్పు వదిలేదాకా కడిగి, చీమ తలంత తునక నీటిలో వేశాడు. తునక మునిగింది. తప్తిమ్ కదలలేదు.

"ఇంక చాలు, వదిలేయ్," అంది రిన్‌లదా, పాత్రకు చేతులు చాస్తూ.

"మీ దండసూది ఏది?"

"ఎందుకు?"

"వాడు చూసేది దాన్నే అన్నారుగా. మొన వద్దు, సూది బెజ్జంలో తునక ఇరికించండి. పట్టుకోవలసింది మీరే, వాడికి మీ చెయ్యే తెలుసు."

సూది నీటిలోకి దిగింది. ఆమె చేయి వణికింది. వసిన్ ఆమె మణికట్టు కింద తన అరచేయి ఆనించాడు. వణుకు తగ్గలేదు, ఇప్పుడు రెండు చేతులూ వణికాయి. దానివలన మేలే జరిగింది. తునకకు ప్రాణం వచ్చినట్లయింది. తప్తిమ్ కళ్లు తిప్పి, వెనక్కు తగ్గి, ఒక్క ఉదుటున వచ్చి గుటుక్కుమన్నాడు!

విహారంలో భిక్షువుల భోజనానికి డోలు మ్రోగింది.

"మధ్యాహ్నం కాకముందే తిన్నాడు," అంది సాయ్‌బువా గర్వంగా. "నా శిష్యుడు!"

రిన్‌లదా నవ్వుతూనే కన్నీరు తుడుచుకుంది. మరుక్షణమే నొసలు ముడిచింది. "మరి ఇన్నాళ్లూ ఆ దోమపిల్లలేమైనట్టు?"

ముసలామె చెంపపై ఒక దోమ వాలింది. ఆమె దాన్ని కొట్టలేదు.

"నాదే తప్పు," అన్నాడు వసిన్. "చచ్చినవి కట్టిచ్చాను. కరిగిపోయుంటాయి."

రిన్‌లదా ముఖం మాడింది. సాయ్‌బువా రోకలి కింద పెట్టింది.

"వాడు అబద్ధమాడుతున్నాడే. నేనే రోజూ తీసి తొట్టిలో వదిలాను. నా మీద కోపం రాకూడదని తన మీద వేసుకుంటున్నాడు, పిచ్చి వెధవ."

రిన్‌లదా అతనివైపు తిరిగి చాలాసేపు చూసింది. తప్తిమ్‌ను తప్ప ఆమె ఎవరినీ అలా చూడగా వసిన్ ఎరుగడు.

"ఇదిగో మనవరాలా, పొద్దున నువ్వూ శీలం తీసుకున్నావు," అంది అమ్మమ్మ, కళ్లు చిట్లించి. "అబద్ధమాడకుండా చెప్పు. చేప తింటోంది కదా, రేపటినుంచి ఇతన్ని రావద్దందామా?"

రిన్‌లదా పాత్రవైపు తల తిప్పుకుంది. చెవులు తప్తిమ్ రంగుకు తిరిగాయి.

"...రావాలి."

"దేనికి? చేప కోసమా?"

"యాయ్! అన్నీ అడక్కు!"

"సరే. నువ్వు చెప్పరా అబ్బాయ్."

"నేను శీలం తీసుకోలేదు యాయ్. అయినా నిజమే చెబుతాను. మొదటిరోజునుంచీ చేప కోసం కాదు."

పాత్రలో తప్తిమ్ మొప్పలు విప్పి, తోక పరచి, అతనిపై యుద్ధం ప్రకటించాడు.

"రేపు పెందలాడే రండి, ఫీ," అంది రిన్‌లదా, సూది బెజ్జంలో మరొక తునక ఇరికిస్తూ. "ఎవరి కోసమో, వీడి సాక్షిగా తేల్చుకుందాం."

ఈ కథ విన్నవారి ఇండ్లలో ఆకలి మిగలకుండు గాక, అలకలు పూట దాటకుండు గాక, చెప్పలేని మాట ఉన్నవారికి నిజం చెప్పక తప్పని మంచిరోజు ఒకటి త్వరలో వచ్చు గాక!