పాళెం గట్టు మీద కేక

మధ్యాహ్నం అన్నాల బెల్లు ఇంకా కొట్టలేదు. ఆరో క్లాసులో మాత్రం అప్పుడే గోల మొదలైంది.

"మైపాడే పోదాం టీచర్. మా అత్తోళ్ళ ఊరు. అక్కడ నాకు అంతా తెలుసు," అన్నాడు మస్తానయ్య లేచి నిలబడి.

"నీకు తెలిసింది మీ అత్తోళ్ళ ఇంట్లో అరిసెల డబ్బా ఎక్కడుందో, అంతే," అంది శేషు.

క్లాసంతా నవ్వింది. మస్తానయ్య మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

శేషు అసలు పేరు వెంకటశేషమ్మ. ఇందుకూరుపేట దగ్గర వరి పండించే రైతు కూతురు. మంచి పిల్లే. కాకపోతే నోరు ఊరుకోదు. ఇంకొకరి మాట పూర్తికాకముందే తన మాట మొదలుపెట్టేస్తుంది. పందెంలో ఓడిపోతే ఆ పూట అన్నం సయించదు.

ఆ ఏడు ధనుర్మాసం చలి గట్టిగానే పట్టింది. పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకుని బడికి వచ్చారు, వణుకుతూనే అర్ధసంవత్సర పరీక్షలు రాశారు. రెబెక్కమ్మ టీచరు నెల్లూరు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చింది. ఆమెకు పిల్లల్ని చూసి జాలేసింది.

"పాపం, బాగా చదివినారు. ఈ శనివారం సముద్రం ఒడ్డుకు పోదాం," అంది. "వెచ్చగా ఎండలో కూర్చుందాం. చలికాలం పొద్దున సముద్రంలో నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయంట గదా. ఏ ఊరి ఒడ్డుకు పోదామో మీరే చెప్పండి."

అదీ గోలకు కారణం. ఎవరో కావలి వైపు తుమ్మలపెంట అన్నారు. అంత దూరం ఎడ్లు రాలేవు, వద్దంది టీచరు. మైపాడు దగ్గరే. అందరూ సరే అనేటట్టే ఉన్నారు. మస్తానయ్య గెలిచేటట్టున్నాడు. అది శేషుకు నచ్చలేదు.

"పేరమ్మ వాళ్ళ పాళెం పోదాం టీచర్," అంది గబగబా. "మైపాడులో ఎప్పుడూ జనమే. పాళెంలో అయితే గట్టు పొడుగునా ఇసకే. పొద్దున్నే ఎండ వచ్చేస్తుంది."

"నువ్వు చూసినావా?"

"లేదు. పేరమ్మే చెప్పింది."

అది నిజమే, కానీ పేరమ్మ చెప్పింది బడి తెరిచిన కొత్తలో. అప్పుడు పేరమ్మ రోజంతా సముద్రం కబుర్లే చెప్పేది. వాళ్ళ నాయన మాలకొండయ్య తనను తెప్ప మీద కూర్చోబెట్టుకుని అలల మీద తిప్పిన సంగతి ఎన్నిసార్లు చెప్పిందో. చేపలు పట్టేవాళ్ళుండే ఆ పాళెంలో ఐదో క్లాసు దాటితే బడి లేదు. అందుకని పేరమ్మ ఈ ఊళ్ళో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఇదే క్లాసులో చదువుకుంటుంది. శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయి సోమవారం వస్తుంది.

"అయితే పేరమ్మ బిందెకు నీళ్ళు తేబోయింది గదా, వచ్చినాక అడుగు. వాళ్ళ ఊరు గదా. వాళ్ళు రమ్మంటేనే పోవాలి," అంది టీచరు.

బెల్లు కొట్టింది. శేషు క్యారియరు పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. పేరమ్మ ఒక మూల కూర్చుని మజ్జిగన్నం కలుపుకుంటోంది.

"మేయ్ పేరమ్మా, మీ పాళెం గట్టు దగ్గర నీళ్ళు ఇప్పుడు వెచ్చగా ఉంటాయా?"

"ఉంటాయి."

"అయితే శనివారం మేమంతా వస్తాం."

పేరమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడు వద్దు," అంది.

"ఎందుకు?"

"ఇప్పుడు రావద్దు శేషూ. ఇంకెప్పుడైనా రండి."

శేషు పేరమ్మ ముఖంలోకి చూడనైనా లేదు. పాకలు చూసి ఎవరన్నా నవ్వుతారని సిగ్గుపడుతోంది, అనుకుంది. లేకపోతే ఎండుచేపల వాసనని వెక్కిరిస్తారని. "మేమేమీ అనుకోములే," అని లేచి వెళ్ళిపోయింది.

శేషుకు తెలియని సంగతి నేను మీకు చెప్తాను. దీపావళి వెళ్ళాక తుఫాను వచ్చింది గదా. ఆ తుఫానుకు ముందురోజు మాలకొండయ్య తెప్ప వేసుకుని చేపల వేటకు పోయాడు, ఇంకో ఇద్దరితో. ఆ తెప్ప తిరిగి రాలేదు. నెల దాటిపోయింది. తెప్ప రాలేదు, మనుషులు రాలేదు, ఒక చెక్క ముక్కన్నా ఒడ్డుకు కొట్టుకు రాలేదు.

పేరమ్మ వాళ్ళమ్మ చెంచమ్మ ఇంకా బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఒక్కసారన్నా ఏడవలేదు. ఏడిస్తే ఆశ వదులుకున్నట్టని ఆ పాళెంలో అనుకుంటారు. మనిషి పోయాడన్న మాట ఇంట్లో ఎవరూ అనకూడదు. అందుకే పేరమ్మ బడిలో ఎవరికీ చెప్పలేదు. తుఫాను తర్వాత నాలుగు వారాలు బడికి రాకపోతే, జ్వరమని పిన్నమ్మ చెప్పింది. ఆ పసిపిల్ల ఆ బరువంతా ఒక్కతే మోస్తూ క్లాసులో కూర్చుని ఎక్కాలు అప్పజెప్తోంది.

మధ్యాహ్నం క్లాసులో టీచరు అడిగింది. "ఏం శేషూ, పేరమ్మ ఏమనింది?"

మస్తానయ్య వెనక్కి తిరిగి చూస్తున్నాడు. వాడి కళ్ళల్లో నవ్వు అప్పుడే కనిపిస్తోంది. శేషుకు అది చాలు.

"రమ్మనింది టీచర్," అంది.

టీచరు పేరమ్మ వైపు చూసింది. కాదని చెప్పాలంటే ఎందుకు కాదో చెప్పాలి. పేరమ్మ తల వంచుకుంది. టీచరు దాన్ని సిగ్గనుకుంది.

బడి వదిలాక పేరమ్మ గేటు దగ్గర శేషు చెయ్యి పట్టుకుంది. దెబ్బలాడుతుందేమోనని శేషు భయపడింది. పేరమ్మ దెబ్బలాడలేదు.

"సరే, వస్తే రండి. గట్టు మీద మాత్రం ఎవరూ కేకలు పెట్టొద్దు. ఈ ఒక్క మాట అందరికీ చెప్పు. మర్చిపోవద్దు."

"అంతేనా, చెప్తాలే," అంది శేషు. మాట పూర్తికాకముందే సగం దూరం పోయింది.

శనివారం తెల్లారకముందే బండ్లు కట్టారు. దారంతా మంచు. పిల్లలు ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నారు. శేషు ఒళ్ళో పులిహోర గిన్నె, మస్తానయ్య ఒళ్ళో రబ్బరు బంతి. ముందు ఎవరు నీళ్ళల్లో కాలు పెడతారని పందెం వేసుకున్నారు. మధ్యలో శేషుకు పేరమ్మ మాట గుర్తొచ్చింది. దిగినాక చెప్దాంలే అనుకుంది. మళ్ళీ పందెంలో పడిపోయింది.

సరుగుడు తోపు దాటగానే సముద్రం కనిపించింది.

అంత నీళ్ళు శేషు ఎప్పుడూ చూడలేదు. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. బండి ఆగకముందే దూకింది. చెప్పులు వదిలేసి ఇసకలో పరిగెత్తింది. ఇసక అరికాళ్ళకు వెచ్చగా తగిలింది. గొంతు చించుకుని ఒక్క కేక పెట్టింది.

"ఓ... ఓ..."

వెనకే మస్తానయ్య అరిచాడు. వాడి వెనక క్లాసంతా అరిచింది.

పాకల్లోంచి ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఒకావిడ చేతిలో చీపురుంది. ఒకావిడ చంకలో పసిబిడ్డ. అందరూ గట్టు వైపే పరిగెత్తుకు వస్తున్నారు. అందరికంటే ముందు చెంచమ్మ. జుట్టు విడిపోయింది, పైట జారిపోతోంది, ఆమెకు పట్టలేదు. ఆమె నవ్వుతోంది. నవ్వుతూ పరిగెత్తుతోంది.

"యాడ? తెప్ప యాడ?"

పిల్లల మధ్యలోంచి దూసుకుపోయి నీళ్ళల్లోకి దిగింది. నడుము దాకా దిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. సముద్రం మీద ఏమీ లేదు.

పిల్లల కేకలు ఆగిపోయాయి. ఎందుకు ఆపారో వాళ్ళకే తెలియదు. మిగతా ఆడవాళ్ళు ఒడ్డుకొచ్చి పిల్లల్ని చూశారు, బండ్లను చూశారు. చీపురావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అందరికంటే వెనక పేరమ్మ వచ్చింది. ఆయాసపడుతూ శేషు ముందు ఆగింది. నీళ్ళల్లో ఉన్న అమ్మను చూసింది.

పాళెం పెద్ద ముత్యాలయ్య కర్ర పట్టుకుని టీచరు దగ్గరికి వచ్చాడు.

"ఎవురమ్మా మీరు? తెప్ప రావాల్సి ఉంటే మా గట్టున పసిబిడ్డను గూడా ఏడవనియ్యం. కేక ఇనపడిందంటే మాకు ఒకటే అర్థం. పోయినోళ్ళు కనపడినారని."

టీచరు ముఖం పాలిపోయింది. "మాకు తెలియదు పెద్దాయనా. మీ పేరమ్మ రమ్మనిందని చెప్తే..." అంటూ శేషు వైపు తిరిగింది.

శేషు రెండడుగులు వెనక్కి వేసింది. ఇప్పుడు భూమి మింగేస్తే బాగుండనిపించింది.

చెంచమ్మ నీళ్ళల్లోంచి వచ్చింది. తడి చీర కాళ్ళకు చుట్టుకుంటోంది. ఎవరినీ తిట్టలేదు. నేరుగా శేషు దగ్గరికొచ్చి రెండు భుజాలూ పట్టుకుంది.

"ముందర కేకేసింది నువ్వే గదా పాపా. నేను విన్నాను. నీకు ఏందో కనపడింది. ఊరికే అంత కేక ఎవురేస్తారు? దూరంగా నల్లగా ఏమన్నా కనపడిందా? చెప్పు తల్లీ."

ఆమె కళ్ళు చూసి శేషుకు ఏడుపొచ్చింది. అవునంటే చాలు. ఏదో నల్లగా కనపడిందమ్మా, మళ్ళీ అలల్లో దాగిపోయింది అంటే చాలు. చెంచమ్మ ముఖంలో ఆ నవ్వు మళ్ళీ వస్తుంది. శేషు తప్పు కూడా కప్పబడిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎప్పటి శేషు అయితే అనేసేదే.

కానీ అలా అంటే చెంచమ్మ చీకటి పడేదాకా ఆ నీళ్ళల్లోనే నిలబడుతుంది. రేపు కూడా నిలబడుతుంది.

"లేదమ్మా," అంది శేషు. ఆ మాట అలల చప్పుడులో కలిసిపోయింది. మళ్ళీ అంది. "లేదమ్మా. నాకు ఏమీ కనపడలేదు. సముద్రం చూసి ఊరికే అరిచినాను."

చెంచమ్మ చేతులు ఇంకా భుజాల మీదే ఉన్నాయి.

"పేరమ్మ కేకలు పెట్టొద్దని చెప్పింది. ఎవరికీ చెప్పకుండా మర్చిపోయినాను. అసలు రావద్దనే చెప్పింది. రమ్మనిందని టీచర్‌తో నేనే అబద్ధం చెప్పినాను. మస్తానయ్య మీద గెలవాలని."

క్లాసు ముందర, పాళెం అంతటి ముందర చెప్పింది. ఫరవాలేదులే అని ఎవరూ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు.

చెంచమ్మ చేతులు కిందికి జారిపోయాయి. ఉన్నచోటే ఇసకలో కూలబడింది. కాసేపు సముద్రం వైపే చూసింది. తర్వాత ఏడ్చింది. నెల దాటి దాచుకున్న ఏడుపంతా బయటికి వచ్చింది. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆ గట్టున ఇంక ఆశ లేదని అందరికీ తెలిసిపోయింది.

ముత్యాలయ్య తలగుడ్డ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఏడవనియ్యండి," అన్నాడు.

టీచరు పిల్లల్ని తోపులోకి పంపించింది. ఎవరూ నీళ్ళల్లో దిగలేదు. పులిహోర గిన్నె మూత తీయలేదు. మస్తానయ్య బంతిని చొక్కా కింద దాచుకుని, చప్పుడు చేయకుండా బండెక్కాడు.

పేరమ్మ ఆడవాళ్ళకు కొంచెం దూరంగా కూర్చుని ఉంది. శేషు వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఎన్నో మాటలు చెప్పాలని ఉంది. తప్పయిపోయిందని చెప్పాలి, నాకు తెలియదని చెప్పాలి. అవన్నీ పక్కన పెట్టి ఒక్క మాట అడిగింది.

"నేను ఉండనా, పోనా?"

అడిగి ఆగింది. శేషు నిలబడే ఉంది. తోపులోంచి టీచరు ఒకసారి పిలవబోయి, చూసి, ఊరుకుంది.

"ఉండు," అంది పేరమ్మ చివరికి. "మాట్లాడొద్దు."

శేషు పక్కన కూర్చుంది. ఎండ బాగా ఎక్కింది. వీపు మీద వెచ్చగా పడుతోంది. ఇసక వెచ్చగా ఉంది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. చెంచమ్మ ఏడుపు సన్నగా వినిపిస్తూనే ఉంది.

చాలాసేపటికి పేరమ్మ నోరు విప్పింది. "మా నాయన బాగా ఈదతాడు. ఈ పాళెంలో అంత బాగా ఎవురూ ఈదరు."

వచ్చేస్తాడులే అనే మాట శేషు నోట్లోకి వచ్చింది. ఆ మాట మింగేసింది. ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చుని, పేరమ్మ చెప్పేది పూర్తిగా విన్నది.