సామకొత్త నాటి యుద్ధం

రెండు వేల నాలుగులో, అరకు సంత వీధిలోని సర్వేశ్వరరావు నెట్ సెంటర్‌కి ఒక రూలుండేది: యుద్ధాల ఆట మగపిల్లలకే. ఇంటర్ చదివే రత్న ఆ రూలుకి ఒళ్ళు మండి పందెం కట్టింది. కత్తులు, ఏనుగులు, రాతికోటల ఆ ఆటలో అతన్ని ఓడిస్తే శనివారాలు కిటికీ పక్క కంప్యూటర్ ఆడపిల్లలది. ఓడితే తను మళ్ళీ గడప తొక్కకూడదు.

పందెం రోజే ఇంట్లో సామకొత్త పండగ. కొత్త సామల అన్నం చనిపోయిన పెద్దలకి పెట్టకుండా ఎవరూ ముట్టరు. "టైమైపోతంది, సచ్చినోల్లకి తొందరేటి?" అంటూ రత్న కుండలోంచి ఓ ముద్ద నోట్లో వేసుకుని కొండ దిగింది.

నాలుగింటికే పొగమంచు వీధిని మింగేసింది.

"ఆడగుంటలకి యుద్ధాలేటే? బేగి ఓడిపోయి ఇంటికెల్లు," ఎదుటి కంప్యూటర్ వెనక నుంచి సర్వేశ్వరరావు నవ్వాడు.

"ముందు నీ కోట తలుపేసుకో అన్నా."

తెర మీద రత్న మనుషులు పొలం దున్నారు. ఆ ఆటలో తిండి ఉంటేనే సైనికుడు పుడతాడు. ధాన్యం మూడొందలకి చేరింది. ఇంతలో రెండొందలు... యాభై... సున్నా. ఆమె గింజ కూడా ఖర్చు పెట్టలేదు. మళ్ళీ పంట కోయించింది. మళ్ళీ సున్నా.

అవతల అతని ఏనుగులు బయల్దేరాయి.

అప్పుడొచ్చింది వాసన. ఉడికిన సామల వాసన, మానిటర్ వెనక నుంచి. దాంతోపాటు... నమిలే చప్పుడు. ఒక్క నోరు కాదు. చాలా నోళ్ళు. పళ్ళు లేని నోళ్ళు.

"అన్నా... ఏటైనా తింటన్నావా?"

"లేదే... నువ్వు కాదేటి?" అతని గొంతులో నవ్వు లేదు.

మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది. రత్న వెనక్కి తిరగలేదు. లేచి పారిపోతే ఆట పోతుంది, శనివారాలు పోతాయి. తెర వైపే చూస్తూ, గొంతు తగ్గించి అంది:

"మీకన్నా ముందు తిన్నది నా తప్పే. మీరూ నా ధాన్యం తిన్నారు గదా, సరికి సరి. తినేసి ఊరికే కూసుంటానంటే కుదరదు. లెగండి. యుద్ధం సెయ్యండి."

నమలడం ఆగింది.

తెర మీద అడవి అంచున మనుషులు నిలబడ్డారు. ఆమె పుట్టించిన సైనికులు కాదు. గోచీలు, విల్లంబులు, భుజాన గొడ్డళ్ళు. మౌస్ కదపకముందే కదిలారు. వాళ్ళని చూడగానే ఏనుగులు గిర్రున తిరిగి సొంత కోట మీదే పడ్డాయి.

సర్వేశ్వరరావు కుర్చీ దభీమని కిందపడింది. "గెలిసీసినావే తల్లీ... శనివారాలు నీవే. ఆపెయ్!"

శనివారం పొద్దున్న అతను తాళం తీస్తుండగానే రత్న నలుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని దిగింది. రాత్రంతా మూసి ఉన్న గది మంచుగడ్డలా ఉంది. కిటికీ పక్క కుర్చీ మీద చెయ్యి వేసింది.

వెచ్చగా ఉంది.

ఆమె మొహం చూసి సర్వేశ్వరరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పందెం గెలిసింది నేను," రత్న కుర్చీతో అంది. "జరగండి."

ఆమె అరచేతి కింద, మెల్లగా... కుర్చీలో సగం చల్లబడింది.