ఎడమ పేజీ

మా మరిది సామ్యూల్ మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాస్తే ఒక నోటుబుక్కు చాలదు కాబట్టి, డైనింగ్ టేబుల్‌తో మొదలుపెడతాను. జూన్‌లో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, నేను చికెన్ పొయ్యి మీద పెట్టేలోపు అతడు ఆ టేబుల్ నిండా ముప్పై ఎనిమిది లెక్కల పుస్తకాలు పరిచేశాడు. మేము నేల మీద కూర్చుని అన్నం తిన్నాము. మా ఆయన డానియేలు దానికి పిక్నిక్ అని పేరు పెట్టాడు. రైల్వే ఉద్యోగికి ఎక్కడ కూర్చుని తిన్నా ఒకటే.

సామ్యూల్ మొఘల్‌పురాలో ఒక సర్కారు బడిలో ఇంగ్లిష్ సారు, ఆరో తరగతికి క్లాస్ టీచరు. ఆ బడి తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియానికి మారింది. పిల్లలు తట్టుకోవాలని వాళ్ళ పుస్తకాల్లో ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఇచ్చారు. సామ్యూల్ లెక్క ప్రకారం ఆ ఎడమ పేజీయే శత్రువు.

"తెలుగు కండ్లకు కనబడితే పోరగాళ్ళు ఇంగ్లిష్ దిక్కు చూస్తరా వదినా?" అన్నాడు.

అందుకని మొదటి పాఠంలో ప్రతి ఎడమ పేజీ మీదా పాత పేపరు కత్తిరించి పెట్టి, నాలుగు మూలలా పిన్ను కొట్టాలి. అతడు కొట్టినవి వంకరగా వస్తున్నాయి. చూడలేక స్టాప్లర్ నేను లాక్కున్నాను. నేను చదివిన బి.ఏ. ఆ రోజు మూడు వందల పేజీలకు అక్కరకొచ్చింది.

మర్నాడే ఆ బడిలో కొత్త లెక్కల టీచరు చేరింది. పేరు సోనీ. ఊరు జహీరాబాద్. మలక్‌పేట లేడీస్ హాస్టల్లో ఉంటూ యాకుత్‌పురా దాకా లోకల్ రైల్లో వస్తుంది. మొదటి పీరియడ్‌లోనే పుస్తకాలు తెరవమంటే సగానికి పేపరు కొట్టి ఉందట. ఎవరు చేశారని అడిగితే ముప్పై ఎనిమిది వేళ్ళు స్టాఫ్‌రూమ్ వైపు లేచాయట.

ఆమె గుప్పెడు పిన్నులు తెచ్చి సామ్యూల్ ముందు పోసింది.

"ఇవి మీయేనా సార్?"

బడిలో ఇంగ్లిష్ ఎన్విరాన్‌మెంట్ ఎంత అవసరమో అతడు ఇంగ్లిష్‌లో ఐదు నిమిషాలు చెప్పాడు. ఆమె పూర్తిగా విని తెలుగులో ఒకే మాట అంది.

"లెక్క నాది. పేపర్ మీది. పిల్లగాండ్ల వేలికి పిన్ను గుచ్చుకుంటే రక్తం ఎవరిది సార్?"

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబుతూ రెండు ప్లేట్ల ఉప్మా తిన్నాడు. కోపం వస్తే వీళ్ళ వంశంలో ఎవరికీ ఆకలి వేయదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

తర్వాత మూడు వారాలూ అదే సీరియల్. ఇతడు పేపరు కొడతాడు, ఆమె పీకుతుంది. ఇతడు ఇంగ్లిష్‌లో జవాబు చెప్పని పిల్లల్ని నిలబెడతాడు. ఆమె ముందు ఇంటి భాషలో చెప్పమంటుంది, తర్వాత అదే జవాబును క్లాసంతా కలిసి ఇంగ్లిష్‌లోకి తెస్తుంది. ఇదంతా తప్పని నాకు చెబుతూ చెబుతూ అతడు చొక్కాలు ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు వాన. యాకుత్‌పురా స్టేషన్ దాకా ఇద్దరూ ఒకే గొడుగులో నడిచారట. గొడుగు ఆమెది, పట్టుకున్నది ఇతడు, తడిసింది ఇతడి ఎడమ భుజం. రైలు ఎక్కేముందు ఆమె నవ్విందట.

"నవ్విందంటే ఏంది వదినా?" అని అడిగాడు. చొక్కా నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. ఎందుకు నవ్విందో ఆమెనే అడగలేకపోయావా అన్నాను. అడిగేసరికి రైలు కదిలిందట. ఆ రాత్రి నన్నూ, వాళ్ళన్ననూ చెరో మూడుసార్లు అడిగాడు. మా ఆయన, రైలు టైముకే వచ్చిందా అని మాత్రం అడిగాడు.

ఇంత బాగా నడుస్తున్న కథను మా మరిది ఒక్క ఫారంతో పాడుచేశాడు. నెలాఖరు రిపోర్టులో, ఏ ఏ క్లాసుల్లో ఇంగ్లిష్ వాడటం లేదు అని ఒక గడి ఉంటుందట. గడి ఖాళీగా ఉంటే అతడికి నిద్ర పట్టదు. 'మ్యాథ్స్' అని నింపాడు. పక్కనే వెనకబడిన పిల్లల గడిలో రుక్సార్ అనే పిల్ల పేరు రాసి 'స్లో' అని పెట్టాడు. హెడ్‌మిస్ట్రెస్ వాసవాంబ గారు సోనీకి మెమో ఇచ్చారు.

మెమో వచ్చిన మూడో రోజు సోనీ మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ ఫారం తెచ్చింది. జహీరాబాద్ దగ్గరి బడిలో ఒక సారుకు హైదరాబాద్ కావాలి. ఇద్దరూ సంతకాలు పెడితే ఆయన ఇటు, ఈమె అటు. శనివారం హెడ్‌మిస్ట్రెస్ సంతకం పెడితే ఇక అంతే.

సామ్యూల్ ఆ రోజు అన్నం ముట్టలేదు. "నేను కంప్లయింట్ ఇయ్యలే వదినా. ఫారం నింపిన. ఇందుల నా తప్పేముంది?" అని గోడను అడుగుతున్నాడు.

బుధవారం ఆకుకూరల కోసం వెళ్ళి, కూరగాయల బండి దాటి స్టేషన్ దాకా నడిచాను. మూడు వారాల్లో మా మరిది ఇచ్చిన వర్ణనతో పోలీసులైనా ఆమెను పట్టుకోగలరు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కాపీలు దిద్దుతూ కూర్చుంది. నేనెవరో, ఆ పిన్నులు కొట్టిందెవరో చెప్పాను.

"ఆ పేపర్లు మీరు కొట్టిన్రా అక్కా? అంచులు అంత నీట్‌గున్నయంటే సార్ పని కాదనుకున్న."

ఒకే క్షణంలో గర్వమూ సిగ్గూ కలగడం నాకు అదే మొదటిసారి.

ఆమె నిదానంగా చెప్పింది. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్‌కు మారిందట. ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. దాహమేసినా బయటికి పోతానని అడగలేదు, అడిగే వాక్యం తప్పు పోతుందేమోనని. లెక్కలన్నీ వచ్చు, చెప్పే మాట రాదు.

"ఇంగ్లిష్ వద్దంటలేను అక్కా. ఎక్కనీకి మెట్టు కావాలె గద. ఎడమ పేజీనే గా మెట్టు."

సామ్యూల్ మీద కోపమా అని అడిగాను. రైలు వచ్చే దిక్కు చూసింది.

"కోపం వస్తలేదు. గందుకే ఫికరైతుంది. రాసింది తప్పని ఆయన అనుకుంటలేడు. రేపు ఇంకోటి రాస్తడు. గప్పటికి నాకు పోవుడు ఇంకా కష్టమైతది."

నేను ఇంటికొచ్చి ఒక చిన్న పని చేశాను. దానికి దేవుడు క్షమిస్తాడు, మా ఆయన క్షమించకపోయినా పర్లేదు. సోనీ నిన్ను తన క్లాసుకు రమ్మంది అని సామ్యూల్‌కు చెప్పాను. సామ్యూల్ గురువారం మీ క్లాసు చూడాలనుకుంటున్నాడు అని, స్టేషన్‌లో తీసుకున్న నంబరుకు, సోనీకి మెసేజ్ పెట్టాను. ఇద్దరూ ఇలాంటివేవీ అనలేదు.

అతడు సెంటు కొట్టుకుని వెళ్ళాడు. ఆమె, మళ్ళీ రిపోర్టు రాయడానికి వస్తున్నాడని ఎదురుచూస్తోంది. ఫలితం నేను ఊహించినట్టు లేదు.

సోనీ తల్లిది బీదర్. ఇంట్లో మాట్లాడేది కన్నడ. సామ్యూల్‌ను ఆఖరి బెంచీలో రుక్సార్ పక్కన కూర్చోబెట్టి, ఆ రోజు భిన్నాల పాఠం కన్నడలో మొదలుపెట్టింది. బోర్డు మీద అక్షరం లేదు, చేతులు కదపడం లేదు. పది నిమిషాలు. మధ్యలో ఒక మాట తెలుగులాగే వినిపిస్తుందట, పట్టుకునేలోపు వాక్యం దాటిపోతుందట. తర్వాత చాక్‌పీస్ చూపించి సారును బోర్డు దగ్గరికి పిలిచింది. మళ్ళీ ఏదో అడిగింది. కాస్త గట్టిగా అడిగింది. మా మరిది, ఎమ్.ఏ. ఇంగ్లిష్, చాక్‌పీస్ పట్టుకుని నిలబడ్డాడు. చెవులు కాలుతున్నాయట. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు సోనీ అదే ప్రశ్నను తెలుగులో రుక్సార్‌ను అడిగింది. మూడు డజన్ల సమోసాలలో పావు వంతు మాడిపోతే ఎన్ని మిగిలాయి? రుక్సార్ తల్లి షౌకత్ బీ ఇంట్లో సమోసాలు చుట్టి హోటళ్ళకు వేస్తుంది. ఆ పిల్ల లేచేలోపే ఇరవై ఏడు అంది. ఎట్లా వచ్చిందంటే దక్కనీ ఉర్దూ, తెలుగు కలిపి చెప్పింది. మిగతావాళ్ళు మాటకు మాట అందిస్తే దాన్నే ఇంగ్లిష్‌లో వాక్యం చేసి, రుక్సార్‌తోనే బోర్డు మీద రాయించింది సోనీ. సామ్యూల్ పక్కకు జరిగి చోటిచ్చాడు.

ఇంటికొచ్చాక అతడి ముఖం చూసి మంచినీళ్ళిచ్చాను.

"నన్ను పిలిచి మరీ గట్ల చేసిందంటే కోపమున్నట్టా, లేనట్టా?" అన్నాడు. పిలవలేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఈ కథలో ఎవరికీ ఏదీ సరిగ్గా అర్థం కాకపోవడంలో నా వాటా కొంత ఉంది.

శుక్రవారం అతడు ఒక ఉత్తరం రాశాడు. మూడు చిత్తు ప్రతులు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాననీ, ఆమె ఉండిపోవాలని కోరుకుంటున్నాననీ. సోనీ చదివి మడత పెట్టి తిరిగి ఇచ్చేసిందట.

"నన్ను పోవద్దంటున్నరా సార్, రాసింది తప్పంటున్నరా? రెండూ ఒకటి కాదు," అందట.

ఆ రెంటికీ తేడా ఏమిటని నన్ను అడిగాడు. నేను చపాతీలు చేసుకుంటున్నానని చెప్పాను. కొన్ని లెక్కలు ఎవరికి వాళ్ళే చేసుకోవాలి.

శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగు. సామ్యూల్ టిఫిన్ బాక్సు మరచిపోయాడు. మరచిపోయేలా నేను దాన్ని ఫ్రిజ్ వెనక పెట్టాను. దాన్ని అందించే వంకతో వెళ్ళేసరికి ఆరో తరగతి గది నిండా బురఖాలు, చీరలు, ఫ్యాక్టరీ యూనిఫారాలు. వాసవాంబ గారి టేబుల్ మీద సోనీ ఫారం ఉంది. పక్కనే మూత తీసిన పెన్ను.

షౌకత్ బీ ముందు నిలబడి టీసీ అడుగుతోంది. ఆమె మాటలో అరుపు లేదు, అదే వినడానికి కష్టంగా ఉంది.

"మా బిడ్డ ఇంట్ల మస్తు మాట్లాడేది మేడం. ఇక్కడికొచ్చినంక చుప్ అయింది. ఇగ మీరు స్లో అని రాసిన్రు. నాకు సమజ్ అయితలేదు. ఆరు నెలల కింద తేజ్ ఉన్న పిల్ల ఇప్పుడు స్లో ఎట్లయింది?"

రుక్సార్ తల్లి కొంగు పట్టుకుని నేల చూస్తోంది. వాసవాంబ గారు రిపోర్టు తిరగేశారు. లెక్కల క్లాసులో ఇంగ్లిష్ వాడటం లేదు కాబట్టి పిల్ల వెనకబడిందనీ, ఆ టీచరు ఎలాగూ మారిపోతున్నారనీ, కొత్త సారు వస్తే అంతా సర్దుకుంటుందనీ ఓదార్చారు. గదిలో అందరూ సోనీ వైపు చూశారు. హెడ్‌మిస్ట్రెస్ పెన్ను చేతిలోకి తీసుకున్నారు.

గోడ పక్కనున్న సామ్యూల్ ముందుకు వచ్చాడు. గొంతు సవరించుకుని ఇంగ్లిష్‌లోనే మొదలుపెట్టాడు. చిన్న వివరణ అన్నాడు, ఫార్మాట్ అన్నాడు. సగంలో షౌకత్ బీ ముఖం చూశాడు. ఒక మాట తెలిసీ రెండో మాట అందని ముఖం అది. గురువారం తన ముఖం ఎట్లా ఉండి ఉంటుందో అతడికి అప్పుడు తెలిసిందనుకుంటాను, వాక్యాన్ని అక్కడే వదిలేశాడు.

"అమ్మా, మీ బిడ్డ స్లో కాదు," అన్నాడు తెలుగులో. "లెక్క నాకన్నా తొందరగ చేసింది, నేను కండ్లార చూసిన. చదివే పేజీ మూసింది నేను. నోరు తెరిస్తే నిలబెట్టింది నేను. పిల్ల చుప్ అయింది నా వల్ల. టీసీ తీస్కపోకుండ్రి."

షౌకత్ బీ కూతురి తల నిమిరింది. వాసవాంబ గారు పెన్ను కింద పెట్టి, మరి ఈ రిపోర్టు సంగతేమిటని అడిగారు. అప్పుడు సోనీ లేచి వచ్చి ఫారం మీద చెయ్యి ఆనించింది. ఇస్తున్నదో తీసుకుంటున్నదో నాకు అర్థం కాలేదు. కళ్ళు మాత్రం మా మరిది మీదే ఉన్నాయి.

"మేడం అడుగుతుండ్రు సార్," అంది మెల్లగా. "నా మీద రాసింది ఏంది మరి?"

సామ్యూల్ ఆమె ముఖంలోకి చూశాడు.

"తప్పు," అన్నాడు. "సోనీ మేడం మీద నేను రాసింది తప్పు."