బావి దగ్గర ఎత్తిన చేతులు

ఆ బావి వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు.

వెళ్లినవాళ్లు తిరిగి రారని కాదు. వస్తారు. కాని ఎలా వస్తారంటే — నడుస్తూ నడుస్తూ ఉండగా కాళ్లు బిగుసుకుపోతాయి. ఊపిన చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. చుట్టూ ఉన్న దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి... ఆపైన అంతా నలుపు. తేరుకుని చూసుకుంటే తమ ఇంట్లో, తమ కుర్చీలో, కంప్యూటరు ముందు ఉంటారు. 'కనెక్షను తెగిపోయింది' అని తెర మీద ఒక్క ముక్క మిగిలి ఉంటుంది.

ఎందుకంటే ఆ ఊరు నేల మీద లేదు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని, తెర మీద ఒక బొమ్మ మనిషిని నడిపించుకుంటూ తిరిగే ఊరది. ఇళ్లుంటాయి, కొట్లుంటాయి, వీధిదీపాలుంటాయి. రద్దీ ఎక్కువైతే తోసుకోవడాలుండవు, ఒకరిలోంచి ఒకరు దూరి నడిచిపోవడమే. దానికి సొంత సూర్యుడు కూడా ఉన్నాడు. తొందర మనిషి. రెండు గంటలు పగలు, రెండు గంటలు రాత్రి. బయట జనం మధ్యాహ్నం భోజనాలు చేస్తూండగా అక్కడ అర్ధరాత్రి అవుతుంది.

ఆ బావి పక్కన ఒక ఆకారం ఉండేది. తెల్లబట్టలు. మొహం గోడకేసి. రెండు చేతులూ పైకెత్తి... కదలకుండా.

పదడుగుల దూరం నుంచి కనిపించేది అంతే. అంతకంటే దగ్గరగా వెళ్లి చూసి చెప్పినవాళ్లు లేరు.

కంప్యూటరు ముందే ప్రాణం పోయిన మనిషి అని కొందరు, పోయిన సంగతి బొమ్మకి ఇంకా తెలియలేదని ఇంకొందరు చెప్పుకునేవాళ్లు. బావిలోంచి తనని పేరు పెట్టి పిలిచారని ఒకాయన ఒట్టేసి మరీ చెప్పాడు. ఆయన ఇంట్లో స్పీకర్లు పాడై ఏడాదైందని తర్వాత తెలిసింది.

నాకు ఈ సంగతి చెప్పింది ఒక దర్జీ. ఆమె తమ్ముడు ఆ ఊరు నడిపే కంపెనీలో మరమ్మతుల మనిషి. ఎవరు ఏ బాధ చెప్పుకున్నా "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి" అంటూ మొదలుపెడతాడు కాబట్టి ఆఫీసులో అతన్ని రీస్టార్టు అంటారు. ఇంట్లోనూ అదే ఖాయమైంది. అతన్ని విడిగా అడిగాను. ఇద్దరి మాటా కలిసింది, ఒక్క చోట తప్ప. అసలు ఘడియలో తమ్ముడు కేక పెట్టాడని అక్క అంటుంది. దగ్గానని అతను అంటాడు.

మెట్ల మీద జారి తుంటి విరిగినప్పట్నుంచీ ఆ అక్క మూడో అంతస్తు దిగలేదు. ఏడాదిన్నర. ఆ తెర ఊళ్లో, బావికి ఎదురుగా, ఒక కొట్టు పెట్టుకుంది. ఖాళీగా దొరికిన చోటు అదొక్కటే. ఎందుకు ఖాళీగా ఉందో ఆమె అడగలేదు.

కొత్తగా ఆ ఊరికి వచ్చినవాళ్లందరికీ ఒకే ఒళ్లు, ఒకే తెల్లబట్టలు ఇస్తారు. ఆ ఘోరం చూడలేకే బట్టలు కుట్టడం మొదలుపెట్టానంటుంది. కుట్టడం కంటే కబుర్లే ఎక్కువ. రోజూ నలుగురైదుగురు వచ్చి కూర్చునేవాళ్లు. దెయ్యం మాట పాకాక ఇద్దరయ్యారు. తర్వాత ఒక్కరు. ఆ ఒక్కడూ పొద్దు వాలుతోందంటూ లేచి వెళ్లిపోయేవాడు. పొద్దు వాలడానికి ఎంతసేపని, రెండు గంటలేగా.

ఒక మంగళవారం నాడు రీస్టార్టుని అతని పై అధికారి పిలిచాడు. ఆఫీసులో ఆయన్ని పెద్దాయన అంటారు.

"ఆ బావి మీద ఫిర్యాదులు నాలుగు వందలు దాటాయి. శుక్రవారం సాయంత్రం అయిదుకల్లా బాగుచెయ్యి. కాలేదా, ఆ పేట మొత్తం చెరిపేద్దాం."

"అందులో కొట్లున్నాయండీ."

"ఇంకోచోట కట్టుకుంటారు."

"మా అక్కకి బయట తిరగడమంటే అదొక్కటేనండీ..."

పెద్దాయన టీకప్పులోకి చూశాడు. "ఆ బావి మొదట్నుంచీ మంచిది కాదయ్యా. నేను నీ కుర్చీలో ఉన్నప్పుడే..." అని ఆగి, మిగతా టీ తాగేశాడు.

మూడు రోజుల్లో రీస్టార్టు ఆ పేటని పదకొండుసార్లు ఆపి ఆన్ చేశాడు. ఆపితే ఆకారం పోయేది. ఆన్ చేస్తే వచ్చేది. అదే గోడ, అవే చేతులు. అక్కడ ఎవరున్నారో చూపించే జాబితా తెరవబోతే అది కూడా బిగుసుకుపోయేది.

"నీకు దెయ్యమంటే భయమా, పనంటే భయమా?" అని అడిగింది అక్క, గురువారం రాత్రి అన్నం దగ్గర.

"రెండూ ఒకచోటే ఉన్నాయి కదే."

"అయితే దగ్గరికెళ్లి చూడు. నేను తోడుంటాను."

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట. ఆఫీసులో సగంమంది భోజనానికి వెళ్లారు. ఏసీ నీళ్లు బొట్టు బొట్టుగా బకెట్లోకి పడుతున్నాయి. తెర మీద అర్ధరాత్రి. ఆ వేళ ఎవరి బొమ్మా అడ్డం రాదని అదే ఎంచుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు. అందులో అక్క.

"ఉన్నావా?"

"కొట్టు గుమ్మంలో ఉన్నాను. దీపం పట్టుకున్నాను."

"గుసగుసగా ఎందుకు మాట్లాడుతున్నావు?"

"నువ్వు మాట్లాడుతున్నావని."

తన కంప్యూటరుకి భారం తగ్గితే బిగుసుకుపోదని అతని ఆలోచన. ముందు చెట్లు తీసేశాడు. తర్వాత నీడలు తీసేశాడు. నక్షత్రాలు, ఆకాశం తీసేశాడు... చివరికి ఒక గోడ, ఒక బావి, ఆ తెల్లబట్టలు మిగిలాయి.

నడిచాడు.

పదో అడుగు దగ్గర తెర వణికింది. ఆగలేదు. ఇంకో అడుగు... దానికి ఒక నిమిషం పట్టింది. ఇంకొకటి... రెండు నిమిషాలు. ఏసీ బొట్టు పడిన చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు.

"ఏమైందిరా?"

"ష్..."

ఆకారం తలపైన ఏవో అక్షరాలు ఒక్కొక్కటే తేలుతున్నాయి. కాస్త ముద్దగా, ఒకే కాగితం మీద రెండుసార్లు అచ్చు పడినట్టు ఉన్నాయి. పేరు కాదు. కళ్లు చికిలించి చదివాడు.

'పరీక్ష జరుగుతోంది... దయచేసి... కదలకండి.'

ఆ కింద, పరీక్ష పెట్టిన ఉద్యోగి నంబరు. అయిదంకెలు.

అతని నంబరే.

అతను కేక పెట్టిందో, దగ్గిందో ఇక్కడే.

పాత కాగితాలు తెరిచాడు. కాగితాలంటే కంప్యూటరులో రాసుకున్నవే. రెండేళ్ల నాలుగు నెలల కిందటిది ఒకటి దొరికింది. 'ఫిర్యాదు చేసినవారు: ఒక పెద్దావిడ. ఫిర్యాదు: బావి దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు, పలకరిస్తే పలకడం లేదు. అభిప్రాయం: తన బొమ్మని చూసి తనే భయపడి ఉంటారు. చేసిన పని: ఆవిడని అదే చోట గోడకేసి నిలబెట్టాను. కుడి చెయ్యి ఎత్తమన్నాను. పరీక్ష ఆన్ చేశాను. చెప్పేదాకా కదలొద్దన్నాను.'

కింద ఇంకేమీ లేదు.

గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసు మూడో అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకి మారింది. "ఒక్క నిమిషం అమ్మా" అని ఫోను పెట్టేసి, కంప్యూటరు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. పైకి వెళ్లాక కుర్చీల కోసం గొడవైంది.

ఆ పరీక్ష పదడుగుల్లోకి వచ్చిన ప్రతి బొమ్మ ప్రతి కదలికనీ రాసుకుంటుంది. అయిదు నిమిషాలకని పెట్టింది రెండేళ్లుగా రాస్తూనే ఉంది. కొత్తగా ఎవరొచ్చినా ఆ బరువు కింద బిగుసుకుపోక ఏం చేస్తారు?

"అయితే దెయ్యం నువ్వేనా?" అంది అక్క, అతను చెప్పిందంతా విని.

"కాని ఇన్నాళ్లు ఎవరైనా అలా నిలబడతారా..."

అక్క గొంతు తగ్గించి అంది — "ఒరేయ్... ఆవిడ ఉందంటావా?"

కాగితంలో ఫోను నంబరు ఉంది. చేశాడు.

ఒక్క రింగుకే ఎత్తారు.

"చెప్పండి బాబూ. అయిందా?"

అతను హెడ్‌ఫోను ఒక చెవి మీంచి పక్కకి జరిపాడు.

"అమ్మా... మీరు... ఇంకా ఉన్నారా?"

"మీరే కదా కదలొద్దన్నారు. ముప్పై రెండేళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో చేశాను బాబూ. అవతలి మనిషి సరే అనకుండా లైను తియ్యడం నాకు చేతకాదు."

"మరి చెయ్యి..."

"మొదటి రోజు బటను మీద వేలే పెట్టి ఉంచాను. సాయంత్రానికి వేలు లాగేసింది. పాత తాళంకప్ప ఒకటి ఉంటే దాని మీద పెట్టాను. మా చెల్లెలు దుమ్ము దులిపేటప్పుడు కూడా దాన్ని కదపదు. కరెంటు పోతోందని ఇన్వర్టరు పెట్టించాను. మధ్యలో తెగినా కంప్యూటరు తనే కలుపుకుంటోంది, మంచిది."

"ఒక్కసారి ఫోను చెయ్యాల్సిందమ్మా!"

"నేను చేస్తే, మీరు చేసేటప్పటికి లైను ఖాళీ ఉండదు కదా."

రీస్టార్టు కళ్లు తుడుచుకున్నాడు. నవ్వొచ్చో, ఏడుపొచ్చో తనకే తెలియలేదట.

"అయింది అమ్మా. చెయ్యి దించెయ్యండి."

తాళంకప్ప బల్ల మీద పెట్టిన చప్పుడు ఫోనులో వినిపించింది. తెర మీద కుడి చెయ్యి నెమ్మదిగా, రెండేళ్ల నాలుగు నెలల తర్వాత, కిందికి దిగింది.

"దిగిందిరా!" అక్క గుమ్మంలోంచి అరిచింది.

"ఇప్పుడు రెండోది కూడా దించండమ్మా."

"రెండోదేమిటి బాబూ?"

"ఎడమ చెయ్యి."

"మీరు ఎత్తమన్నది కుడిదే. నేను ఎత్తింది కుడిదే."

ఏసీ బొట్టు ఒకటి పడింది.

"సరే అమ్మా..." గొంతు సవరించుకున్నాడు. "మీరు బయటికి వచ్చెయ్యండి. కంప్యూటరు ఆపెయ్యండి."

"ఆపెయ్యనా? నిజంగానే?"

టక్‌మని చప్పుడైంది. అతను పరీక్ష మూసేశాడు. ఒక్కసారిగా తెర తేలికైపోయింది. అక్క దీపం పట్టుకుని గుమ్మం దిగింది. ఎనిమిది, తొమ్మిది, పది... పదకొండో అడుగు కూడా వేసింది. ఏమీ బిగుసుకోలేదు. కొట్టు ముందు అన్నాళ్లకి దారి తెరుచుకుంది.

దీపం పైకెత్తి చూసింది.

"ఒరేయ్... ఇంకా ఉందేమిట్రా?"

అదే గోడ. అవే తెల్లబట్టలు. ఎడమ చెయ్యి పైకెత్తి... కదలకుండా.

పెద్దావిడ ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. "బాబూ, మరి నా ఫిర్యాదు? ఆ నిలబడ్డ మనిషి వెళ్లారా?"

ఇన్నాళ్లూ ఒకే చోట, ఒకరిలో ఒకరుగా ఇద్దరు నిలబడ్డారన్నమాట. తలపైన అక్షరాలు ఇప్పుడు ముద్దగా లేవు. 'పరీక్ష జరుగుతోంది. దయచేసి కదలకండి.' కింద నంబరు. రెండంకెలే. ఆ ఆఫీసులో అంత చిన్న నంబరున్నవాడు ఒక్కడే మిగిలాడు.

వెనక కప్పూ సాసరూ కొట్టుకున్న చప్పుడైంది.

పెద్దాయన ఎప్పుడొచ్చాడో. తెర వైపే చూస్తున్నాడు.

"మా రోజుల్లో..." అన్నాడు, చాలా నెమ్మదిగా, "పరీక్షకి ఎడమ చెయ్యి ఎత్తించేవాళ్లం. కదలికలు రాసుకోవడాలవీ అప్పుడు లేవు."

"ఎన్నాళ్ల కిందటండీ?"

"పదకొండేళ్లు."

"మరి ఏమైందండీ?"

"ఒక్క నిమిషమని చెప్పి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ప్రమోషను కాగితం బల్ల మీదుంది."

హెడ్‌ఫోన్లలోంచి అక్క అడగమన్నది రీస్టార్టు అడిగాడు. "పేట చెరపం కదండీ?"

"లోపల మనిషుండగా ఎలా చెరుపుతామయ్యా." పెద్దాయన కప్పు పక్కన పెట్టాడు. "ముందు ఆ ఫోను ఇలా ఇవ్వు."

పదకొండేళ్లలో మనిషి ఇల్లు మారొచ్చు. నంబరు మార్చొచ్చు. ఏమైనా కావచ్చు. అవతల ఎవరూ ఎత్తకపోతే బాగుండునని ఆయన మొహంలో కనిపించిందట.

పెద్దావిడకి సరే చెప్పి లైను పెట్టేసి, తన పాత కాగితంలో చూసి నంబరు నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఫోను మోగింది...

ఒక్కసారే.