కోత పండుగలో ల్యాప్‌టాప్

"అన్నా, ఇది బరువెంతుంటాది?"

అప్పటికి నేను మదనపల్లెలో కంప్యూటర్ షాపు పెట్టి కొన్నేళ్లయింది. వచ్చినవాళ్లందరూ ముందు ర్యామ్ ఎంత అని అడుగుతారు. తర్వాత బ్యాగు ఫ్రీనా అంటారు. పోతూ పోతూ మౌస్ కూడా ఊరికే ఇమ్మంటారు. బరువు అడిగిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

బయట వాన దంచుతోంది. ఆ అమ్మాయి చున్నీ కొంగు పిండుకుంటూ, నేను అప్పుడే తుడిచిన నేలంతా బురద చేసి నిలబడింది. నాకు ఒళ్లు మండింది.

"కేజీ మీద కొంచెం," అన్నాను.

"కొంచెమంటే?"

"మీరు ల్యాప్‌టాప్ కొంటాండారా, టమోటాలు కొంటాండారా?"

"టమోటాలైతే తూకమేసి ఇస్తారన్నా. మీ దగ్గర అది కూడా లేదే!"

అంటూనే కౌంటర్ మీదున్న డెమో పీసు తీసి తన బ్యాగులో వేసుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, తలుపు తోసుకుని బయటికి నడిచింది. నేను లబోదిబోమంటూ వెనకాలే పరిగెత్తాను.

"ఏమ్మా, ఏమ్మా, యాడికి?"

యాడికీ పోలేదు. షాపు పక్కనున్న మెట్లెక్కి దిగింది. మళ్లీ ఎక్కింది. పైమెట్టు మీద కమ్మీ పట్టుకుని, బస్సు మలుపు తిరుగుతున్నట్టు అటూ ఇటూ ఊగింది.

"పుంగనూరులో ఎక్కితే సీటు యాడ దొరుకుతాదన్నా? కుప్పం దాకా ఇట్లే నిలబడుకోని పోవల్ల. అందుకే సూస్తాండా."

నవ్వాపుకోవడం నావల్ల కాలేదు. కోపం సగం పోయింది.

విషయం ఏమిటంటే, కుప్పంలో ఒక సంస్థలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. గుడుపల్లె, వి.కోట పల్లెల్లో తిరుగుతూ పాడి ఆవుల మీద, పట్టుపురుగుల మీద రైతుల కోసం వీడియోలు తీయాలి. తీసినవి తనే ఎడిట్ చేయాలి. సొంత ల్యాప్‌టాప్ ఉంటేనే ఉద్యోగం, లేదంటే లేదు. చేరాల్సింది కోత పండుగ మరునాడు, సోమవారం.

"సూడండి," అన్నాను. "మీరు పట్టుకున్నది తేలికది. ఎడిటింగ్ కొంచెం నెమ్మది. ఇంకోటి పవర్‌ఫుల్ మోడల్. ఎడిటింగ్ చిటికెలో అయిపోతాది గానీ రుబ్బురాయంత బరువు. అది షాపులో లేదు, బెంగళూరు నుంచి తెప్పించల్ల. మీరు తిరిగే మనిషి. తేలికదే మేలు."

"తేలికదే ఇయ్యండన్నా," అంది. బిల్లు పుస్తకం తీసి పేరడిగాను.

"ఫెబా. పుంగనూరు. మా నాయన పేరు ఎలీషా, ముందు ఈడే మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు."

నా పెన్ను ఆగిపోయింది.

"రెక్కల ఫెబావా?"

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. కళ్లు పెద్దవయ్యాయి.

"నువ్వు... గొర్రెవా?"

అవును, నేనే గొర్రెను. జేసన్ అనే పేరు నాకు ఉందని చిన్నప్పుడు ఒక ఏడాది మేముండే మిషన్ ఆస్పత్రి కాంపౌండ్ మొత్తం మరిచిపోయింది. క్రిస్మస్ నాటకంలో ఫెబా దేవదూత, నేను గొర్రె. ఎలీషా అంకుల్ ఆస్పత్రి నుంచి దూది చుట్ట తెచ్చాడు. ముందు ఈమె రెక్కలకు అంటించారు. ఈమె ఇంకొంచెం, ఇంకొంచెం అని పేచీ పెట్టింది. నా వంతు వచ్చేసరికి దూది అయిపోయింది. ముందు సగం గొర్రె, వెనక సగం చెడ్డీ వేసుకున్న పిల్లాడు. అట్లాగే స్టేజీ ఎక్కాను. జనం నవ్వితే నేను ఏడ్చాను, నేను ఏడిస్తే దేవదూత కూడా డైలాగు మరిచిపోయి ఏడ్చింది. ఆ వేసవిలోనే అంకుల్ ఉద్యోగం మానుకుని వాళ్ల సొంతూరు పుంగనూరుకు వెళ్లిపోయారు. లారీ వెనక ఫెబా చేయి ఊపడం నాకు ఇప్పటికీ గుర్తు.

"బిల్లు రాయనా?" అన్నాను చివరికి.

"ఉండు." తేలికదాన్ని చూసింది. వానను చూసింది. నన్ను చూసింది. "పవర్‌ఫుల్‌ది ఎప్పుడొస్తాదంటివి?"

"వారం పైనే."

"అదే ఆర్డర్ పెట్టు."

"ఇప్పుడే కదా మెట్లెక్కి దిగితివి!"

"ఎడిటింగ్ ముఖ్యమని నువ్వే చెప్తివి కదప్పా."

"నేను యాడ చెప్తిని?"

వినిపించుకోలేదు. వాన తగ్గకముందే గొడుగు లేకుండా బస్టాండుకు పోయింది. ఆ తర్వాత ఆమె నోట 'అన్నా' అనే మాట రాలేదు. నేనది గమనించలేదు. గొర్రెనే కదా మరి.

ఆర్డర్ వచ్చిందేమో చూద్దామని ఫెబా మళ్లీ మళ్లీ వచ్చింది.

"ఫోన్ చేస్తే చెప్తా కదా, యాల తిరుగుతావు?"

"మదనపల్లెలో నాకు వేరే పని ఉండాది."

ఒకరోజు ఆ పని గొడుగు బాగు చేయించుకోవడం. ఇంకోరోజు వాళ్లమ్మ సువార్తమ్మ ఆంటీకి కంటి చుక్కలు కొనడం. మరోరోజు ఏ పనీ చెప్పలేదు. కాంపౌండ్‌కు పోదాం రమ్మంది. మేము నాటకం రిహార్సల్ చేసిన వరండా అట్లాగే ఉంది. గోడకు సున్నం మాత్రం కొత్తది. "ఈడే కదా నేను నీ దూది దొంగిలించింది," అని మెట్టు మీద కూర్చుంది. ఇద్దరం పల్లీలు ఒలుచుకుని తిన్నాం. పొట్టు నా జేబులో వేసింది.

నిజం చెబుతున్నాను, ఆ రోజుల్లో షాపు తలుపు చప్పుడైతే చాలు, నా గుండె ముందు లేచి చూసేది. ఆమె తేలికది కొనుక్కుని పోయిందంటే నాకు ఇంక ఆమెను చూసే సాకు లేదు. అయినా ఆ సన్నటి భుజం చూస్తే నోరు ఊరుకోదు.

"ఇప్పటికైనా నా మాట విను. ఆర్డర్ క్యాన్సిల్ చేస్తా, తేలికది తీసుకపో. భుజం పడిపోతాది ఫెబా."

అన్నప్పుడల్లా ఆమె నన్ను అదోలా చూసేది. "నీకు అంత తొందరగా ఉండాదా నన్ను పంపించేదానికి?" అనేది. వ్యాపారం తెలియని మనిషని నేను అనుకునేవాణ్ని.

పవర్‌ఫుల్‌ది శనివారం సాయంత్రం వచ్చింది. ఫోన్ చేశాను.

"రేపు పొద్దున్నే పుంగనూరు చర్చికి పట్టుకోని రా," అంది. "కొత్త వస్తువుకు ప్రార్థన చేయించందే అమ్మ మూత తీయనీదు. రేపు కోత పండుగ కూడా. అన్నం మా ఇంట్లోనే."

పెట్టె మోసుకుని బస్సెక్కాను. సీటు దొరకలేదు. పుంగనూరు వచ్చేసరికి నా రెండు భుజాలూ నన్ను తిట్టాయి.

చర్చి వాకిట్లో సువార్తమ్మ ఆంటీ పెట్టె అందుకుని, దుమ్ము పడకుండా పాత చీర ముక్క చుట్టి, లోపల బల్ల మీద పెట్టి, వంటలు చూడటానికి వెనక్కి పోయింది. ఆ బల్ల మీద అప్పటికే గుమ్మడికాయలు, అరటి గెల, బెల్లం దిమ్మెలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. కోత పండుగకు ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి దేవునికి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పుంగనూరులో ఆ వేలం ఎప్పుడూ ఎలీషా అంకుల్‌దే. అంత గొంతు ఇంకెవరికీ లేదు.

గొంతు ఉంది గానీ, ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

గుమ్మడికాయ వేలంపాట అయ్యాక, దాన్ని తెచ్చిన ఫ్లారెన్స్ ఆంటీ లేచింది. "అన్నా, కాయ ఇచ్చినా గానీ బేసిన్ నాది. అది ఇచ్చేయన్నా."

"బల్ల మీద పెట్టింది దేవునిది ఫ్లారెన్సమ్మా. కావాలంటే నువ్వూ పాడు." అందరూ నవ్వారు. పాపం, ఆమె బేసిన్ ఇంకెవరి ఇంటికో పోయింది.

అంకుల్ చేయి ఆ తర్వాత చీర ముక్క మీద పడింది. విప్పి, పెట్టెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాడు.

"ల్యాప్‌టాప్! ఎవరో విశ్వాసి కొత్త ల్యాప్‌టాపే దేవునికి ఇచ్చినాడప్పా! స్తోత్రం!"

"స్తోత్రం!" అంది చర్చి అంతా.

అంత సంతోషంగా స్తోత్రం చెప్పినవాళ్ల ముందు లేచి, అది కాదండీ అని ఎవరు చెబుతారు? బేసినే ఇవ్వని మనిషి ల్యాప్‌టాప్ ఇస్తాడా? రేపే ఫెబా ఉద్యోగంలో చేరాలి. ఆ పెట్టె బయటివాళ్ల చేతిలో పడకూడదు. గుమ్మం దగ్గర మగవాళ్ల వెనక నిలబడి చేయెత్తి పాట మొదలుపెట్టాను.

ఆడవాళ్ల వైపు స్తంభం పక్క నుంచి ఫ్లారెన్స్ ఆంటీ పైపాట పాడింది.

ఈమెకు ల్యాప్‌టాప్ యాలప్పా! బేసిన్ పోయిందన్న కసా? నేను పెంచాను. ఆమె ఒకసారి స్తంభం వెనక్కి వంగి, మళ్లీ లేచి పెంచింది. నేనూ తగ్గలేదు. ఆమె మళ్లీ వంగింది, మళ్లీ లేచింది. అంకుల్ ముఖం వెలిగిపోతోంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలో నేను ఆలోచించలేదు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! వెనక నిలబడుకోని ఉండే అబ్బాయీ, ముందుకు రాప్పా!"

నేను ముందుకు వెళ్లాను. స్తంభం వెనక నుంచి ఫెబా బయటికి వచ్చింది. ఫ్లారెన్స్ ఆంటీ చెవిలో ఊదింది ఈమే.

"నువ్వా?" అన్నాను.

"నువ్వా! యాల పెంచినావప్పా నా మీద?"

"నీకోసమే!"

"నేనూ నాకోసమే కదా!"

చేతిలో గరిటెతోనే సువార్తమ్మ ఆంటీ పరిగెత్తుకుని వచ్చింది. "అయ్యో దేవా! అది ఇచ్చేదానికి కాదు, ప్రార్థనకు పెడితిని! నీకు చెప్పేది మరిస్తిని, అది మన బిడ్డది!"

ఎలీషా అంకుల్ ముఖంలో నెత్తురు లేదు. కూతుర్ని చూశాడు, జనాన్ని చూశాడు. "ఫ్లారెన్సమ్మకొక న్యాయం, నా బిడ్డకొక న్యాయమా?" అన్నాడు మెల్లగా. "పాట అయిపోయింది. పాడినోడిదే పెట్టె."

నేను పెట్టెను ఫెబా వైపు చాచాను. ఆమె తీసుకోలేదు. "మా నాయన మాట పోతాది," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అయితే ఇది నేనే పెట్టుకుంటా అంకుల్," అన్నాను. "ఫెబా దీని డబ్బు ముందే నా షాపులో కట్టింది కదా, దానికి బదులు షాపులో ఉండే తేలికది ఇస్తా. సాయంత్రానికి తెస్తా. రేపు ఉద్యోగానికి పోవచ్చు."

"మరి ఈ పాట డబ్బు?"

"క్రిస్మస్ లోపల కడతా."

"నువ్వు యాల కడతావప్పా అంత?"

నేను నేల చూశాను. ఫ్లారెన్స్ ఆంటీ ఊరుకుంటుందా?

"యాలనా? కళ్లజోడు పెట్టుకోని సూడన్నా!"

చర్చి అంతా గొల్లున నవ్వింది. అంకుల్ నన్ను దగ్గరికి లాక్కుని, నా ముఖం బాగా చూసి, "నువ్వు మా గొర్రె పిల్లోడివి కదా," అన్నాడు. "అన్నం తినందే పోవద్దు." ఆ ఇంటివాళ్ల నుంచి నాకు దొరికిన మొదటి దీవెన అదే.

భోజనాలయ్యాక ఫెబా బస్టాండుకు నాతో వచ్చింది. సన్నగా తుంపర. పెట్టె నా భుజం మీద.

"మొదటి పొద్దే తేలికది తీసుకోని ఉంటే ఇంత తంటా ఉండేదా?" అన్నాను. "నేను ఎన్నిసార్లు చెప్తిని!"

ఆమె రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"తేలికది ఆ పొద్దే కొనేసి ఉంటే, మళ్లా మదనపల్లెకు వచ్చేదానికి నాకేం పనుండాది, గొర్రె?"

పెట్టె జారబోయింది. గట్టిగా పట్టుకున్నాను. ఏదో ఒకటి అనాలి కదా. "మరి... ఎడిటింగ్?" అన్నాను.

ఫెబా నెత్తి కొట్టుకుంది. "ఇంగా ఎడిటింగేనా నీకు! సరే, ఎడిటింగే. శనివారం శనివారం వస్తా. పవర్‌ఫుల్‌ది నీకాడే ఉండాది కదా." బస్సు కదిలాక చేయి ఊపింది. లారీ వెనక ఊపినట్టే.

ఇప్పుడు పవర్‌ఫుల్‌ది మా ఇంట్లో భోజనాల బల్ల మీదే ఉంటుంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పీకితే ఆరిపోతుంది. తేలికది మాత్రం ఇన్నేళ్లూ కుప్పం పల్లెలన్నీ తిరిగి, పోయిన వారం కన్నుమూసింది. మరునాడు మంచి వానలో ఫెబా షాపులోకి వచ్చి, నేను తుడిచిన నేలంతా బురద చేసింది.

"కొత్త ల్యాప్‌టాప్ కావల్ల," అంది, మెడలో తాళి సర్దుకుంటూ.

"తేలికది చూపించనా మేడమ్, పవర్‌ఫుల్‌దా?"

"షాపులో ఏది లేదు?"

"రెండూ ఉండాయి."

"అయితే రెండూ వద్దు," అంది. "లేనిది ఏదైనా సూసి ఆర్డర్ పెట్టు. వచ్చిందేమో సూసేదానికి మళ్లా వస్తా."

ఆర్డర్ పెట్టాను.