టాటాకి ఒక మార్కు

దుర్గి స్కూల్లో పెట్టిన పరీక్షకి అరవై మంది వచ్చారు. పక్షవాతం వచ్చినోళ్ల మెదడు ఎట్టా పనిచేస్తందో చూడ్డానికి గుంటూరు నుంచి వచ్చిన హరిత తయారుచేసిన పరీక్ష అది. ముందు బాగున్నోళ్లు ఎట్టా చేస్తారో తెలియాలంట.

"పాస్, ఫెయిల్ ఏం లేవండీ" అని అరవై సార్లు చెప్పింది. అరవై మందీ "నాకెన్నొచ్చాయ్?" అనే అడిగారు.

శిల్పాలు చెక్కే త్రికోటేశ్వరరావుకి ఇరవైకి ఇరవై వచ్చాయి. ఒకదాని మీద ఒకటి గీసిన కత్తెర, తాళంచెవి, గొడుగు బొమ్మల్ని టకటకా చెప్పేశాడు. 'సుత్తితో మేకు కొట్టినట్టు చూపించండి' అంటే, గాల్లో కొట్టిన దెబ్బకి హరిత తన వేళ్లు వెనక్కి లాక్కుంది.

"భయపడ్డారా?"

"లేదు. మార్కులేస్తున్నా."

వాళ్లమ్మ శాంతమ్మ ఆ సాయంత్రమే కొడుకు పెళ్లి బయోడేటాలో ఎత్తు, గోత్రం కింద 'మెదడు: 20/20' అని రాయించింది.

రెండు వారాలకి అదే పరీక్ష మళ్లీ పెట్టాలి. రెండుసార్లూ మార్కులు దగ్గరగా వస్తేనే ఆ పరీక్షని నమ్మొచ్చంట. ఆ రెండు వారాలూ త్రికోటేశ్వరరావు రోజుకో వంకతో స్కూలుకెళ్లి కుర్చీ కోళ్లు, ఫ్యాను రెక్క, చివరికి బాగున్న తలుపు కూడా బాగుచేశాడు. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాడు.

ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం బస్సుకి హరిత వెళ్లిపోద్ది.

"పద్దెనిమిది. రమ్మని పిలిచినట్టు చూపించండి."

చేత్తో పిలిచాడు. హరిత కుర్చీ కాస్త ముందుకి జరిగింది. గబుక్కున కాగితంలోకి చూసుకుంది.

"ఇరవై. టాటా చెప్పండి."

చెయ్యి లేవలా.

"మొన్న చెప్పారుగా?"

"మొన్న మీరెవరో తెలీదుగా."

"సున్నా వెయ్యాల్సొస్తుంది."

"వేసుకోండి."

వేసింది. హరిత చెవులు ఎర్రబడ్డాయి. దానికి మార్కుల్లేవు.

పావుగంటలో శాంతమ్మ బయోడేటా పట్టుకుని దిగింది. "ఏందమ్మాయ్, మావాడికి పంతొమ్మిదంట? పక్కింటి నాగేశ్వరరావు తనకి ఇరవై వచ్చాయని ఊరంతా చెప్పుకుంటన్నాడు. రిమోటు ఫ్రిజ్జులో పెట్టి ఇల్లంతా వెతికే మనిషి!"

"టాటా చెప్పలేదండీ."

"ఒరేయ్, చంటిపిల్లలు చెప్తార్రా అది! ఎందుకు చెప్పలా?"

"చెప్తే ఈ అమ్మాయి వెళ్లిపోద్దమ్మా."

శాంతమ్మ కొడుకుని చూసింది. పిల్లని చూసింది. బయోడేటా తీసి హరిత చేతిలో పెట్టింది. "మీ అమ్మకియ్యి. ఆ ఇరవై మాత్రం కొట్టేయమాక."

హరిత దాన్ని సంచిలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యొకటి బయటికొచ్చింది.

టాటా కాదు. పద్దెనిమిదోది.

చెప్పులు అక్కడే వదిలేసి త్రికోటేశ్వరరావు పరిగెత్తి బస్సెక్కాడు.

వెనక నుంచి శాంతమ్మ చెయ్యూపి టాటా చెప్పింది, ఒక్క తప్పు లేకుండా.