బసంతవ్వ పంజాబీ మాట

తమ్ముడు శుభాకర్‌కు జ్వరం మందు పోయాలి. తొట్టి నిండా నీళ్లు పట్టాలి. విత్తనానికి వేరుశనక్కాయలు ఒలవాలి. ఇవన్నీ అయ్యాక పక్కింటి బసంతవ్వ దగ్గరికి పోయి పంజాబీ జాతీయాలు నేర్చుకోవాలి. ప్రొద్దుటూరులో ఐదో తరగతి చదివే రత్నమణికి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఇంత పని మిగిలింది.

వేరే భాష జాతీయాలు తెలుసుకొచ్చి తరగతిలో చెప్పమంది వనజమ్మ టీచర్. అందరూ ఉర్దూ, కన్నడం అన్నారు. పంజాబీ మాత్రం రత్నమణికే దొరికింది. దేశం విడిపోయినప్పుడు పంజాబ్‌లో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబం బసంతవ్వది. ఆమె కొడుకు మిల్లుల దగ్గర లారీలు రిపేరు చేస్తాడు.

అడగ్గానే అవ్వ సంబరపడిపోయింది. వీధిలో నేర్చుకున్న తెలుగులోనే చెప్పుకొచ్చింది. బాగా కలిసిపోయిన స్నేహితులను తమవాళ్లు 'ఘ్యో ఖిచ్‌డీ' అంటారట. అంటే నెయ్యీ కిచిడీ. తర్వాత 'కలేజే ఠండ్ పై గయీ' అంది. కాలేయంలో చల్లదనం పడింది అని.

అదెప్పుడంటారని రత్నమణి అడిగింది. పారిపోయి వస్తుంటే రైలు స్టేషన్‌లో అవ్వ కొడుకు తప్పిపోయాడట. శిబిరాలన్నీ వెతగ్గా వెతగ్గా దొరికాడట. వాణ్ణి హత్తుకున్నప్పుడు తన నోటి వెంట వచ్చిన మాట అదేనట.

సోమవారం తరగతిలో నెయ్యీ కిచిడీ గురించి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. 'కలేజే' అనగానే వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రత్నమణికి హుషారొచ్చింది. పుస్తకాల సంచి తలమీద ముసుగులా వేసుకుని, అవ్వలా నడుం వంచింది.

"కాలేయంలో చలి పడిందంట. కంబళి కప్పండబ్బా" అంది.

తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. అవ్వ కొడుకు తప్పిపోయిన సంగతి రత్నమణి చెప్పనే లేదు. నవ్వుతూ తల తిప్పితే, వాకిట్లో బసంతవ్వ. తాను నేర్పిన మాట రత్నమణి చెబుతుంటే వినాలని ఉతికిన తెల్లబట్టలు కట్టుకుని వచ్చింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అవ్వ ఎవరు పలకరించినా తల ఊపడమే. నోరు విప్పి మాట్లాడదు.

"అవ్వను మూగదాన్ని చేస్తివి కదమ్మే" అంది పక్క బెంచీ జానీబీ.

"నేనేం అబద్ధం చెప్పినానా? దానికి అర్థం అదే కదా" అంది రత్నమణి. అన్నదే కానీ అన్నం సయించలేదు.

గురువారం తెల్లవారుజామున శుభాకర్‌కు చెమటలు పోసి జ్వరం దిగింది. గంజి కావాలని అడిగాడు. అమ్మ మేరీ వాడి నుదురు తడిమి, "ఇప్పటికి నా కడుపు సల్లబడింది నాయనా" అంది. ఆమె కళ్లలో నీళ్లు.

రత్నమణి అమ్మనే చూస్తూ ఉండిపోయింది. ఈ మాట విని ఎవరైనా అమ్మకు కంబళి కప్పమంటే?

ముఖమైనా కడుక్కోకుండా పక్కింటికి పోయింది.

"అవ్వా, నేను శానా తప్పుగా చెప్పినా. మళ్లా చెప్తా. నీ కొడుకు సంగతి కూడా చెప్పొచ్చునా? నువ్వొచ్చి కూచుంటావా?"

అవ్వ ఆమె వంక చాలాసేపు చూసింది.

మరునాడు బడికి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. రత్నమణి టీచర్‌ను బతిమాలుకుని లేచి నిలబడింది. ఈసారి ముందు స్టేషన్ సంగతి చెప్పింది. తర్వాత కొడుకు దొరికిన రోజు సంగతి. ఆ తర్వాతే ఆ మాట చెప్పింది. తమ్ముడి జ్వరం దిగినప్పుడు అమ్మ అన్నది కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. చాలామంది తలలు చివరి బెంచీ వైపు తిరిగాయి.

అవ్వ మెల్లగా లేచింది.

"ఠండ్. అట్ల మెత్తగా కాదు బిడ్డా, గట్టిగా అనాల. ఏదీ, మళ్లా అను."

రత్నమణి అంది. అవ్వ తల అడ్డంగా ఊపి మళ్లీ అనిపించింది. ఈలోగా పిల్లలందరూ అందుకున్నారు. గంట కొట్టేదాకా అవ్వ అలా చెబుతూనే ఉంది.

పిల్లలూ, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడైనా కడుపు చల్లబడిందని అంటే, ప్రొద్దుటూరు బసంతవ్వను కూడా ఒకసారి తలుచుకోండి.